కోల్డ్ రూమ్ గడియ

ఆ పొద్దున ఆకాశం తేటపడనూ లేదు, కురవనూ లేదు. రాత్రంతా పట్టి ఉన్న మబ్బు తూర్పు వైపు కొంచెం పలచబడి, ఆ సందులోంచి సూర్యుడు వద్దామా మానుదామా అన్నట్టు ఒకసారి కనబడి వెనక్కి పోయాడు. తన స్టేషను పరిధిలోని మూతపడిన ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు జీపు దిగిన ఇన్‌స్పెక్టరు తలెత్తి చూసి, గొడుగు జీపులోనే వదిలేశాడు.

డిపార్టుమెంటులో ఆయన్ని వెనకాల అందరూ "నిదానం" అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనబడలేదు.

లోపల అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. స్పెషల్ టీము ఇన్‌స్పెక్టరు. వయసులో నిదానం కంటే బాగా చిన్న. కేసు అందిన రోజే ఎవరినో ఒకరిని లోపలేస్తాడని అతనికి "జెట్" అని పేరు. ఆ పేరంటే అతనికి ముచ్చట కూడా.

"ఏం గురువుగారూ, ఈ తుక్కులో ఇంకా ఏం మిగిలిందని వచ్చారు?"

"ఊరికే. ఒకసారి చూసిపోదామని."

"చూడండి, చూడండి. మధ్యాహ్నం మూడింటికి వాచ్‌మన్‌ని కోర్టులో పెడుతున్నా. హత్య కేసు. ఆ తర్వాత ఈ చీపురుపుల్లలన్నీ మీకే వదిలేస్తా."

చచ్చిపోయినవాడు బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పే మాస్టారు. పెళ్ళి కాలేదు, తల్లితో ఉండేవాడు. ఆయనకొక సరదా ఉంది. మూతపడ్డ మిల్లులు, పాడుబడ్డ ఆస్పత్రులు, కుర్చీలు ఊడిపోయిన సినిమా హాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, లోపలంతా తిరిగి, ఫొటోలు తీసుకుని రావడం. మొన్న ఆదివారం పొద్దున ఈ ఫ్యాక్టరీలోకి దూరాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. బుధవారం పేరు చెప్పని మనిషెవరో స్టేషనుకి ఫోను చేస్తే పోలీసులు వచ్చి కోల్డ్ రూమ్ తలుపు తెరిచారు. మాస్టారు తలుపుకి లోపల ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గాలాడక, ఆదివారం రాత్రికే ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. తలుపుకి బయట గడియ పెట్టి ఉంది.

నిదానం ఆ తలుపు ముందు నిలబడ్డాడు. పరుపంత మందాన ఉంది. లోపలి వైపు పిడి ఎప్పుడో ఊడిపోయి, తుప్పు పట్టిన చిల్లు మిగిలింది. బయట ఇనప గడియ, గడియ జారకుండా చిల్లులో దోపే చెక్క మేకు. పక్కన, తలుపు తీసేటప్పుడు పోలీసులు ఎత్తి పెట్టిన మూడు కాళ్ళ స్టూలు, నేల మీద సొట్టబోయిన బక్కెట్టు.

తలుపు తీయబోయే ముందు కానిస్టేబుల్ తీసిన ఫొటో జేబులోంచి తీశాడు. అందులో గడియ పెట్టి ఉంది. మేకు దోపి ఉంది. స్టూలు తలుపుకి ఆనించి ఉంది. స్టూలు మీద బక్కెట్టు బోర్లించి ఉంది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేల చూశాడు. స్టూలు కాళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండి, కింద మూడు నల్లటి మచ్చలు పడ్డాయి. మచ్చల పక్కన దుమ్ములో ఈడ్చిన గీతలు: ఒకటి అవతలికి, ఒకటి ఇవతలికి. ఎవరో స్టూలు పక్కకి జరిపారు. ఎవరో మళ్ళీ తెచ్చి ఆ మచ్చల మీదే నిలబెట్టారు. ఫొటోలో ఒక్క కాలు కూడా మచ్చ తప్పలేదు. స్టూలు మీద బక్కెట్టు అంచు గుండ్రంగా పడిన ముద్ర ఉంది. ఫొటోలో బక్కెట్టు సరిగ్గా ఆ ముద్రలోనే కూర్చుంది.

"ఇలా రావయ్యా," అన్నాడు. జెట్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "వాచ్‌మన్ కోపంతో గడియ పెట్టాడంటున్నావు."

"నేననడమేంటి, వాడే ముందు అన్నాడు కదా. మళ్ళీ వస్తే లోపలేసి గడియ పెడతా అని వెనక ఒకసారి మాస్టారి మీద నలుగురిలో అరిచాడు. సాక్షులున్నారు."

"కోపంతో మనిషిని లోపలేసినవాడు మేకు కూడా దోపి, స్టూలు కాళ్ళు మచ్చల మీదే పెట్టి, బక్కెట్టు ముద్రలో ముద్ర పెట్టి పోతాడా?"

"ఏమో, శుభ్రంగా ఉండే మనిషేమో!" జెట్ నవ్వాడు. "గురువుగారూ, బక్కెట్టు సాక్ష్యంతో మనిషిని వదిలేస్తే జడ్జిగారు మన ఇద్దరి మీదా ఆ బక్కెట్టే బోర్లిస్తారు."

నిదానం ఫోను టార్చి వేసుకుని లోపలికి నడిచాడు. తెర మీద సిగ్నలు గీత ఒక్కటి కూడా మిగల్లేదు. గోడల నిండా ఊడిపోతున్న బెండు పలకలు. చివర పాత నీళ్ళ తొట్టి. దాని వెనక, తలుపులోంచి చూస్తే కనబడని మూలలో, నేల మీద రెండు బూటు ముందుభాగాల గుర్తులు. మడమలు నేలకి ఆనలేదు. గొంతుకూర్చున్న మనిషి. కాళ్ళు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. మాస్టారి సంచీ కూడా ఆ తొట్టి కిందే, చేతికందనంత లోపలికి తోసి దొరికింది.

"దాక్కున్నాడు," అన్నాడు నిదానం తనలో తను.

"ఎవరి నుంచి? వాచ్‌మన్ నుంచే కదా! మీ నోటితో మీరే చెప్పారు," అని జెట్ వాచీ చూసుకున్నాడు.

*

స్టేషను మెట్ల మీద వాచ్‌మన్ భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ కట్టిన డబ్బా. నిదానాన్ని చూసి లేచి, ఏదో అనబోయి, తల దించుకుంది. ఆయన కూడా తల దించుకునే లోపలికి వెళ్ళాడు.

వాచ్‌మన్ గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎడమ చెంప వాచింది.

"ఒప్పుకున్నావట."

"ఒప్పుకుంటే ఆపుతామన్నారు సార్."

జెట్ కిటికీ వైపు తిరిగాడు.

"ఆదివారం ఎక్కడున్నావు?"

"గేటు దగ్గరే, నా గదిలో. లోపలికి పోలేదు సార్. మా ఆవిడ మీద ఒట్టు."

"ఏమీ వినబడలేదా?"

వాచ్‌మన్ పెదవులు తడుపుకున్నాడు. "రేడియో పెట్టుకున్నాను సార్."

"ఎప్పుడు పెట్టావు? వినబడక ముందా, వినబడ్డాకా?"

నిదానం రెండోసారి అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట ఎవరో టైపు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

"వినబడ్డాకే సార్," అన్నాడు వాచ్‌మన్ ఆఖరికి. "ఆ గదిలో వెనకటికి ఒక కూలీ చచ్చిపోయాడని చెప్పేవారు. ఆదివారం లోపల్నుంచి దబదబమని... దూరంగా, దిండు మీద గుద్దినట్టు. దయ్యమనుకున్నాను. రేడియో పెట్టి సౌండు పెంచేశాను. చీకటి పడేసరికి ఆగిపోయింది." రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "ఆగిపోయిందని సంతోషపడ్డాను సార్. హమ్మయ్య అనుకుని పడుకున్నాను."

జెట్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇంకేం కావాలి? విన్నాడు, తీయలేదు!"

"తీయకపోవడం వేరు, పెట్టడం వేరు."

"చచ్చినవాడికి రెండూ ఒకటే కదా గురువుగారూ."

నిదానం లేచాడు. "మూడింటి లోపల గడియ పెట్టిన మనిషిని తెచ్చి ఇక్కడ నిలబెడతాను. అందాకా వీణ్ణి కదపొద్దు."

"ఎవరైనా సరేనా? పొరపాటున మంత్రిగారి బావమరిది అయితే?"

"ఎవరి బావమరిదైనా సరే. ఎవరైనా సరే."

వాచ్‌మన్ తలెత్తి ఆయన వైపు చూశాడు. అంతలో వాడి కళ్ళలోకి వచ్చిన ఆశ చూసి, మాట ఇచ్చేశాను కదా అనుకున్నాడు నిదానం.

*

"ఆదివారాలు మా వాడి వెంట ఒక టైలరు తిరిగేవాడు" అని మాస్టారి తల్లి చెప్పింది. టైలరు కొట్టు బస్టాండు వెనక సందులో ఉంది. బడి పిల్లల నిక్కర్లు కుట్టి కుప్పగా పోసి ఉన్నాయి. పోలీసు డ్రస్సు గుమ్మంలో కనబడగానే మిషను ఆగింది.

"బుధవారం ఫోను చేసింది నువ్వే కదా."

టైలరు సూది జాకెట్టు ముక్కకి గుచ్చి పక్కన పెట్టాడు. "నేనే సార్. వాళ్ళమ్మ సోమవారమే వచ్చి అడిగింది. మా అబ్బాయి ఎక్కడికెళ్ళాడో తెలుసా బాబూ అని, ఇదిగో, మీరు నిలబడ్డచోటే నిలబడి. తెలీదన్నాను."

"తెలిసి?"

"తెలిసి. ఇలా పాడుబడ్డ చోట్లు తిరిగే మాలో ఒక కట్టు ఉంది సార్, చోటు బయటపెట్టకూడదని. చెబితే నలుగురూ పడి పాడు చేస్తారని. సార్, సోమవారమే చెప్పుంటే బతికేవాడా?"

"లేదు. ఆదివారమే పోయాడు."

టైలరు ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. మరుక్షణం తను ఊపిరి వదిలిన సంగతి తనకే తెలిసొచ్చి, మొహం ఎర్రబడి, ఒళ్ళో దారం పోగులు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

నిదానం బల్ల చివర కూర్చున్నాడు. "ఎందుకయ్యా ఈ సరదా? పాములు, గాజుపెంకులు. ఏముంటుంది అక్కడ?"

"చెబితే నవ్వుతారు."

"నాకు నవ్వు తక్కువ."

"ఒక మిల్లులోకి వెళ్ళాను సార్, మొదటిసారి. గోడకి మేకు, మేకుకి చొక్కా. ఎవడో పనయ్యాక తొడుక్కుందామని తగిలించి, మరి రాలేదు. కాలరు చిరిగితే తిరగేసి కుట్టి ఉంది. ఇంట్లో ఆడమనిషి కుట్టిన కుట్టు, వంకర టింకరగా. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. బతికున్న మనుషుల్ని అంతసేపు చూస్తే ఊరుకోరు కదా సార్. అక్కడ చూసుకోవచ్చు. అవి మనని ఏమీ అడగవు." ఆగాడు. "తెచ్చుకోం. ఒక్క మేకు కూడా తెచ్చుకోం. ఏదైనా కదిపితే మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టాలి. వచ్చేటప్పుడు ఆఖరి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, ఉన్నది ఉన్నట్టే వదిలాం అని."

"ఇంకా ఏమేం కట్లు?"

"లోపల మాట్లాడకూడదు. అడుగుల చప్పుడు వినబడితే దీపం ఆపేసి నక్కాలి. వాచ్‌మన్‌కి దొరికితే అందరి పరువూ పోతుంది కదా."

నిదానం కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు ఆ గది మొత్తం ఆయనకి కనబడింది. మాస్టారు స్టూలు జరిపి, గడియ తీసి లోపలికి వెళ్ళాడు. వెలుతురు బయటికి పడకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడు. బయట అడుగుల చప్పుడు. వాచ్‌మనే అనుకున్నాడు. టార్చి ఆపి తొట్టి వెనక నక్కాడు, ఊపిరి కూడా బిగబట్టి. వచ్చింది వాచ్‌మన్ కాదు. మాస్టారి లాంటి మనిషే. ఎవరో పోకిరీలు తలుపు తీసి, స్టూలు జరిపి పోయారని ఆ వచ్చినవారు అనుకున్నారు. మాట్లాడకూడదు కాబట్టి పిలవలేదు. గడియ పెట్టి, ఎలా ఉండేదో అలా సర్దారు. భక్తిగా, ఒక్క కాలు మచ్చ తప్పకుండా.

"ఆ ఫ్యాక్టరీ సంగతి ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికే. నాకు, మాస్టారికి, చలిచీమకి."

"అదెవరు?"

"పేర్లు అడగం సార్. నన్ను సూది అంటారు, మాస్టార్ని కుంచె అనేవాళ్ళం. ఆవిడ చలిచీమ. పెద్దావిడే. ఎవరికీ అడ్డం రాకుండా గోడ వారన నడుస్తుంది. ఆదివారం పొద్దున వచ్చి, వంట వేళకి వెళ్ళిపోతుంది. ఇంట్లో తెలీదంది. ఎందుకమ్మా మీకీ తిరుగుడు అని ఒకసారి అడిగాను. అక్కడ నన్నెవరూ మంచినీళ్ళు తెమ్మనరు బాబూ అంది. ఎంత నవ్వుకున్నామో." అంటూనే టైలరు మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఆదివారం ఆఖరి ఫొటో ఆవిడే పెట్టింది సార్. బుధవారం నుంచి దాన్ని చూడాలంటే నాకు భయం. ఎవరికీ చెప్పలేదు."

ఫోను తీసి చూపించాడు. గడియ పెట్టిన తలుపు, దోపిన మేకు, స్టూలు, బక్కెట్టు. కింద మూలలో, నేల మీద వెలుగుతున్న టార్చి సగం పడింది. పిడికి సైకిలు ట్యూబు కోసి నల్లటి పట్టీ చుట్టి ఉంది. పట్టీ ఊడిపోకుండా ఎర్ర వైరుతో రెండు చుట్లు.

ఆ ట్యూబు కోసింది ఎవరో, ఆ వైరు ఎక్కడ దొరికిందో నిదానానికి తెలుసు. మొన్న వేసవిలో వరండాలో కూర్చుని, కత్తెర మొండిదని భార్య మీద విసుక్కుంటూ తనే చుట్టాడు.

టైలరు ఆయన మొహం చూస్తున్నాడు. మెల్లగా అడిగాడు: "సార్, ఈ ఫొటో తీసేయమంటారా?"

నిదానం వెంటనే వద్దనలేదు. మిషను మీద దారం రీలు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపట్లో ఆయన మనసు ఎన్ని దారులు తొక్కాలో అన్నీ తొక్కింది. గదిలోంచి బయటికి తెచ్చాక మాస్టారి ఫోనుకీ ఈ ఫొటో చేరే ఉంటుంది, కానీ ఆ ఫోను జెట్ బీరువాలో సీలు వేసిన కవర్లో ఉంది, నేరం ఒప్పుకున్న మనిషి దొరికాక దాన్ని ఎవరూ తెరవరు. అక్కడిదాకా వెళ్ళి, మెట్ల మీద డబ్బా పట్టుకుని కూర్చున్న ఆడమనిషి దగ్గర ఆగింది.

"ఉంచు," అన్నాడు. "ఎవరడిగినా చూపించు."

*

ఆయన భార్య పొయ్యి దగ్గర ఉంది. పగటిపూట ఆయన ఇంటికి రావడం అరుదు. అయినా ఎందుకొచ్చారని అడగలేదు.

"ఆదివారాలు నువ్వు మీ అక్క ఇంటికి వెళ్ళడం లేదు కదూ."

ఆమె మంట తగ్గించింది. "లేదు."

ఆదివారం సాయంత్రాలు ఆమె చెప్పుల అంచున తుప్పు రంగు దుమ్ము ఉండేది. కుచ్చిళ్ళు తనే ఉతికి దండెం చివర ఆరేసేది. ఆయన చూశాడు. దొంగ ఇంట్లో అయితే ఆ దుమ్ము కాగితంలో మడిచి ల్యాబుకి పంపేవాడు. సొంత ఇంట్లో కాబట్టి పేపరు తిప్పుకున్నాడు.

"స్టూలు పక్కకి జరిపేసి ఉంది," అంది ఆమె, గిన్నె వైపే చూస్తూ. "బక్కెట్టు దొర్లి ఉంది. ఎవరో అల్లరి పిల్లలు అనుకున్నాను. తలుపు కొంచెం తీసి టార్చి వేశాను. ఎవరూ కనబడలేదు. ఎవరండీ లోపల, అని ఒక్కమాట అనుంటే అయిపోయేది. మాలో అది తప్పు. మాట్లాడటం." గరిటె పక్కన పెట్టింది. "ఆయన ఎందుకు పలకలేదు?"

"నక్కాడు. నువ్వు వాచ్‌మన్‌వి అనుకున్నాడు."

"నన్ను చూసి భయపడ్డాడా? ఈ వయసుకి నన్ను చూసి భయపడిన మనిషి ఆయనొక్కడేనేమో."

"గురువారం పేపర్లో పడింది. నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది. మనిషి చచ్చిపోయాడని ఒక పక్క, మీ ఉద్యోగం ఏమవుతుందో అని ఒక పక్క. ఇవేవీ కాదు, ఈ వయసులో గోడలు దూకి తిరుగుతోందని తెలిస్తే అందరూ నవ్వుతారని, ముందు అది తోచింది నాకు. చూడండి, ఎలాంటిదాన్నో." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్న రాత్రి అడిగాను మిమ్మల్ని. ఆ వాచ్‌మన్‌కి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని."

అడిగింది. నిజమే. ఆఫీసు గోల ఇంట్లో ఎందుకే, మంచినీళ్ళు తే, అన్నాడు ఆయన. తెచ్చి ఇచ్చింది కూడా.

నిదానం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాతికేళ్ళుగా ఎంతోమంది చేత నిజం చెప్పించిన మనిషికి ఇప్పుడు తన కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ వాచ్‌మన్‌ని మూడింటికి కోర్టుకి తీసుకెళ్తున్నారు. హత్య కేసు. కొట్టి ఒప్పించారు," అన్నాడు. "గడియ పెట్టిన మనిషిని తెస్తానని మాట ఇచ్చాను. ఎవరైనా సరే అన్నాను."

"తెలిసే అన్నారా?"

"తెలీక."

"తెలిస్తే అనేవారా?"

ఆయన నోరు తెరిచి, మూశాడు. ఆమె ఆ జవాబు తీసుకుంది. తలాడించింది, చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందన్నప్పుడు ఆడించినట్టు.

"మీరు పట్టుకొచ్చినట్టు వద్దు. నేనే వచ్చి చెప్పుకుంటాను. మీరు ముందు వెళ్ళండి, నేను వెనకాల వస్తాను."

"వెనకాల వద్దు. కలిసే వెళ్దాం."

"ఏం చేస్తారు నన్ను?"

"తెలీదు. హత్య అనరు. ఏమంటారో నాకూ తెలీదు. నన్నీ కేసులోంచి తీసేస్తారు. ఆ జెట్‌గాడు నిన్ను ప్రశ్నలడుగుతాడు. మొరటుగా అడుగుతాడు."

"అడగనివ్వండి." పొయ్యి ఆర్పింది. "చీర మార్చుకోవాలా?"

"వద్దు. ఇది బాగానే ఉంది."

ఇంకా వేళ ఉంది. ఆమె ఒక కంచం తీసింది. ఆయన గూట్లోంచి రెండోది తీసి, దాని పక్కన పెట్టాడు. ఆయన తిన్నాక తినడమే ఆమె అలవాటు. ఆ కంచం వైపు కాసేపు చూసి, దాని ముందు కూర్చుంది. వడ్డించుకున్నారు.

పక్క గదిలో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. ఆమె ఆయన కంచంలో ఇంకొంచెం వేసింది. ఆయన వద్దనలేదు. మంచినీళ్ళ చెంబు కోసం తనే లేచి వెళ్ళి, తెచ్చి, ముందు ఆమె గ్లాసు నింపాడు. మళ్ళీ ఇద్దరూ తల వంచుకుని తినసాగారు.